ఒక్క మనిషికి మూడు బీపీలా?

ప్రశ్న: నర్సమ్మగారికి నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అత్తయ్యకు 63 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మనిషి కాస్త భారీ. పుట్టిల్లు సోంపేట వైపు. సంక్రాంతికి వచ్చినప్పుడు మా మరిది హైదరాబాద్ నుంచి జబ్బకు పట్టీ చుట్టే బీపీ మెషిన్ తెచ్చిచ్చాడు. అందులో రోజూ 156, 162 అలా చూపిస్తోంది. ఒకరోజు 171 కూడా వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు చేత్తో పంపు కొట్టి చూస్తే 130 బై 80 అన్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే 146 బై 88. ఒక్క మనిషికి ఒక్క వారంలో మూడు బీపీలా? "ఆ మెషిన్ అబద్ధాలు చెబుతోంది" అని అత్తయ్య దాన్ని బీరువా మీద పెట్టించేసింది. 130యే కదా అని పది రోజులుగా బిళ్ల కూడా మానేసింది. మెషిన్ని నమ్మాలా, మనిషి చెప్పినదాన్ని నమ్మాలా? అత్తయ్యకు ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మెషిన్ సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు బిళ్ల సంగతి చూడండి. ఆర్‌ఎంపీ గారు చెప్పిన 130 నిజమే అనుకుందాం. అది బిళ్ల వేసుకుంటున్న మనిషి బీపీ. ఆ అంకె చూసి బిళ్ల మానేయడమంటే, వానలో గొడుగు వేసుకుని నడుస్తూ, తడవలేదు కదా అని గొడుగు మూసేసినట్టు. పైగా కొన్ని రకాల బీపీ బిళ్లలు ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అందుకని ఈ ఉత్తరం చదివిన రోజే, ఆమెకు బిళ్ల రాసిన డాక్టరు దగ్గరికి పాత చీటీ తీసుకుని వెళ్లండి. వెళ్లలేకపోతే ఫోనైనా చేయండి. పది రోజులుగా మానేసిందని దాచకుండా చెప్పండి. మళ్లీ అదే మోతాదు మొదలుపెట్టాలా, ఇంకేమైనా మార్చాలా అన్నది ఆయన చెబుతారు. బిళ్ల ఆపడం, పెంచడం మాత్రం మీ ఇంట్లో మెషిన్ చూసీ చేయకూడదు, ఊళ్లో ఒక్కసారి చూపించుకున్న అంకె పట్టుకునీ చేయకూడదు.

ఇక ఆ మూడు అంకెల గురించి. మీ ఉత్తరం చదవగానే మీ అత్తగారి ముఖం నా కళ్ల ముందు కనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. "ఆ ఊళ్లో ఒకటి చెప్పారు, నువ్వొకటి చెబుతున్నావు, ఏది నమ్మాలి తల్లీ" అని అడిగిన పెద్దవాళ్లు ఎంతమందో! వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. బీపీ అంటే మనిషి ఎత్తు లాంటిది కాదు, ఎప్పుడు కొలిచినా ఒకేలా ఉండడానికి. గుండె ఒకసారి కొట్టుకున్నప్పటికీ ఇంకోసారి కొట్టుకున్నప్పటికీ అది మారుతుంటుంది. నిద్రలో తగ్గుతుంది, మెట్లెక్కితే పెరుగుతుంది, కోపమొస్తే పెరుగుతుంది. కాబట్టి మూడుసార్లు చూస్తే మూడు అంకెలు రావడం వింత కాదు. కానీ 130కీ 160కీ మధ్య తేడా 30 పాయింట్లు. అంత తేడాని ఒంటి మీదకే తోసేయలేం. అందులో మనం కొలిచే తీరుకూ వాటా ఉంది. ఎంత వాటా ఉందో తేల్చాలంటే నాకు మీ నుంచి ఒక కొలత కావాలి.

మీ అత్తగారి జబ్బ చుట్టుకొలత ఎంత?

మీ ఊళ్లో బట్టలు కుట్టేవాళ్ల దగ్గర టేపు అడిగి తెచ్చుకోండి. అత్తగారిని కూర్చోబెట్టి, చెయ్యి వదులుగా కిందికి వేలాడదీయమనండి. భుజం చివర చేత్తో తడిమితే ఎముక గట్టిగా తగులుతుంది. అక్కడి నుంచి మోచేయి కొన దాకా పొడవు చూసి, సరిగ్గా సగంలో పెన్నుతో చుక్క పెట్టండి. ఆ చుక్క మీదుగా టేపు చుట్టండి. చర్మాన్ని నొక్కకూడదు, అలాగని జారిపోకూడదు. ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో రాసుకోండి. ఇప్పుడు మెషిన్‌తో వచ్చిన పట్టీని తిప్పి చూడండి. దాని మీద 22 నుంచి 32 సెం.మీ. అనో, 22 నుంచి 42 అనో ముద్రించి ఉంటుంది. ఆ పట్టీ ఎంత లావు చేతికి పనికొస్తుందో చెప్పే కొలత అది. చాలా మెషిన్లతో మామూలు సైజు పట్టీయే వస్తుంది. మీ అత్తగారి జబ్బ 35, 36 ఉండి, పట్టీ 32 దాకా పనికొచ్చేదైతే, మెషిన్ ఎంత మంచిదైనా ఎక్కువే చూపిస్తుంది.

ఎందుకంటే, పట్టీ లోపల ఒక రబ్బరు సంచి ఉంటుంది. గాలి నిండేది అందులోనే. ఆ సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో దాదాపు 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. అప్పుడే గాలి ఒత్తిడి కండ, కొవ్వు దాటుకుని లోపలి రక్తనాళం దాకా సమంగా అందుతుంది. సంచి చిన్నదైతే ఒత్తిడి సగం పైపైనే ఖర్చైపోతుంది. రక్తనాళం మూసుకోవాలంటే ఇంకా ఇంకా గాలి కొట్టాలి. ఆ అదనపు గాలినే మెషిన్ బీపీ అనుకుంటుంది.

ఇది నిన్న మొన్న తెలిసింది కాదు. జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసే పద్ధతిని 1896లో ఇటలీ డాక్టరు రివా రోచి తెచ్చాడు. ఆయన వాడిన పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే. అది బీపీని ఎక్కువ చూపిస్తోందని ఐదేళ్లలోనే జర్మనీ డాక్టరు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ పట్టుకుని, పట్టీని వెడల్పు చేయించాడు. నూట పాతికేళ్లు దాటినా అదే తప్పు మన ఇళ్లలో జరుగుతూనే ఉంది. 2023లో అమెరికాలోని బాల్టిమోర్‌లో 195 మంది పెద్దవాళ్లకు రకరకాల పట్టీలు చుట్టి పోల్చి చూశారు. పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకు మామూలు పట్టీ చుట్టితే పై బీపీ, అంటే 130 బై 80లో 130 లాంటి మొదటి అంకె, దాదాపు 5 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఇంకా పెద్ద సైజు కావాల్సినవాళ్లకు ఏకంగా 20 దాకా ఎక్కువ వచ్చింది. చిన్న పట్టీ కావాల్సిన సన్నటివాళ్లకు మాత్రం మామూలు పట్టీతో మూడు నాలుగు పాయింట్లు తక్కువ వచ్చింది. ఈ ఆఖరి మాట మన వైపు మరీ గుర్తు పెట్టుకోవాలి. పొలం పనులు చేసి చేసి చేతులు వెదురుకర్రల్లా అయిపోయిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల బీపీ బాగానే ఉందని పంపించేసినప్పుడు, చేతికి పట్టీ మరీ పెద్దదై ఆ అంకె తగ్గిందేమో అని ఎవరూ అనుకోరు.

కాబట్టి లావు చేతి పట్టీ కావాలంటే మెషిన్ మొత్తం మార్చక్కర్లేదు. చాలా కంపెనీలు పెద్ద పట్టీని విడిగా అమ్ముతాయి. మెషిన్ వెనకున్న మోడల్ నంబరు మీ మరిదికి పంపితే ఆయనే తెప్పించగలడు. ఒక కంపెనీ పట్టీని ఇంకో కంపెనీ మెషిన్‌కి మాత్రం తగిలించకండి. గొట్టం పట్టినా లెక్క తప్పుతుంది.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది, జాకెట్టు చెయ్యి. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిచి, దాని కింద పట్టీ చుట్టేస్తాం. ఆ మడత తాడు కట్టినట్టు జబ్బని నొక్కేస్తుంది. లేదంటే మందపాటి జాకెట్టు మీదే చుట్టేస్తాం. రెండూ తప్పే. ఓపీలో వందమంది లైన్లో ఉన్నప్పుడు జాకెట్టు మీదే పట్టీ చుట్టి, అంకె రాసి, తర్వాతి మనిషిని పిలిచిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ అంకెలు చూసి ఎవరికైనా డోసు పెంచారేమో అన్న బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇంట్లో మీకు ఆ తొందర లేదు కదా. వదులు జాకెట్టు వేసుకోమనండి, లేదా ఆ చెయ్యి వరకు జాకెట్టు తీసి పైన పైట కప్పుకోమనండి. పట్టీ కింది అంచు మోచేయి మడత కంటే రెండు వేళ్ల పైకి ఉండాలి. పట్టీ మీద బాణం గుర్తో, చిన్న గీతో ఉంటుంది. అది మోచేయి మడతలో లోపలి వైపు, నాడి తగిలే చోటికి సూటిగా రావాలి. చుట్టాక పట్టీ కిందకి రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు.

చెయ్యి ఎక్కడ పెట్టారన్నది కూడా చూడండి. మీ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించగలను. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటారు. చెయ్యి ఒళ్లో ఉంటుంది, లేదా పక్కన వేలాడుతుంటుంది. మెషిన్ మీ చేతిలో ఉంటుంది. పట్టీ కట్టిన జబ్బ గుండె ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే, గుండె నుంచి అక్కడి దాకా ఉన్న రక్తం బరువు కూడా అంకెలో కలుస్తుంది. పది సెంటీమీటర్లు కిందికి దిగితే ఏడెనిమిది పాయింట్లు పెరిగిపోతాయి. మిద్దె మీద ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి కదా, ఇదీ అంతే. 2024లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 133 మంది మీద చేసిన పరీక్షలో, చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ 4 పాయింట్లు, పక్కన వేలాడదీస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువ వచ్చింది. కుర్చీ పక్కన బల్ల లేకపోతే కుట్టుమిషన్ బల్ల వేయండి, ఎత్తు చాలకపోతే దిండు పెట్టండి. అరచేయి పైకి పెట్టి, చెయ్యి బల్ల మీద వదిలేయాలి. తనంతట తాను పైకెత్తి పట్టుకోకూడదు, కండ బిగుసుకుంటుంది. వీపు కుర్చీకి ఆనాలి. కాళ్లు నేలకు ఆనాలి. కాలు మీద కాలు వేయకూడదు. మంచం అంచున కాళ్లు ఊపుతూ కూర్చున్నా కొన్ని పాయింట్లు పెరుగుతాయి.

ఇక ఐదు నిమిషాల విశ్రాంతి. మాట వినడానికి చిన్నదే, పాటించేవాళ్లే తక్కువ. ఒక పెద్దావిడ నాకు బాగా గుర్తు. ఆమదాలవలస వైపు నుంచి బస్సులో నిలబడి వచ్చింది. మే నెల. గేటు నుంచి లోపలికి నడిచొచ్చి, కూర్చుంటూనే చెయ్యి చాపింది. 176 వచ్చింది. పక్క గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, బాత్రూముకు వెళ్లి వచ్చావా అని అడిగాను. లేదు, లైను పోతుందని ఆపుకున్నాను అంది. వెళ్లొచ్చింది, మంచినీళ్లు తాగింది, ఏడెనిమిది నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చుంది. అదే చెయ్యి, అదే పాదరసం మెషిన్, చూసింది నేనే. 148 వచ్చింది. మూత్రం ఆపుకుంటే పదేసి పాయింట్లు పెరగొచ్చు. పట్టీ బిగుస్తున్నప్పుడు మాట్లాడినా అంతే. మనం చెయ్యి చాపి "మొన్న మీ ఆడపడుచు ఏమందో తెలుసా" అని మొదలుపెడతాం! మెషిన్ కూతపెట్టే దాకా ఇద్దరూ మాట్లాడకండి. టీవీ కట్టేయండి. దానికి అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. మీరు రాయలేదు కానీ, మీ అత్తగారికి చుట్టో, అడ్డపొగో అలవాటుంటే అదీ అరగంట ముందు నుంచి వద్దు. అడ్డపొగ అసలే వద్దని నేను వేరే చెప్పాలి, నిప్పు నోట్లో పెట్టి కాల్చిన అంగిట్లో పుళ్లు, క్యాన్సరు ఈ చేతులతో ఎన్నో చూశాను.

ఇప్పుడు ఆర్‌ఎంపీ గారి 130 బై 80 దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పుపట్టాలని కాదు. రాత్రి పన్నెండింటికి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ చేత్తో పంపు కొట్టి చూసే పద్ధతి ఎంత గొప్పదో, అంత ఓపిక కావాలి దానికి. 1905లో రష్యా డాక్టరు కొరొట్కోవ్ కనిపెట్టిన చప్పుళ్ల మీద నడిచే పద్ధతి అది. గాలి కొట్టి రక్తనాళాన్ని పూర్తిగా మూసేస్తాం. మెల్లగా గాలి వదులుతుంటే, రక్తం మొదటిసారి తోసుకుని దూకినప్పుడు స్టెతస్కోప్‌లో టక్ మని వినిపిస్తుంది. అది పై బీపీ. వదులుతూ పోతే చప్పుడు పూర్తిగా ఆగిపోయే చోటు కింది బీపీ. గాలిని సెకనుకు రెండు పాయింట్ల చొప్పునే వదలాలి. గుండె సుమారుగా సెకనుకొకసారి కొట్టుకుంటుంది. ముల్లు సెకనుకు పది పాయింట్లు జారేలా వదిలేస్తే, ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య పది పాయింట్లు వినబడకుండానే జారిపోతాయి. అప్పుడు పై బీపీ తక్కువగా, కింది బీపీ ఎక్కువగా వస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. బీపీ ఉన్న కొందరు పెద్దవాళ్లలో చప్పుడు పైన ఒకసారి మొదలై, మధ్యలో మాయమై, మళ్లీ కింద వినిపిస్తుంది. పంపు ఆ ఖాళీ దాకానే కొట్టి ఆపితే, కింద మళ్లీ మొదలైన చప్పుడునే మొదటిది అనుకుంటాం. నిజం 165 ఉన్న మనిషికి 130 రాయడం ఇలాగే జరుగుతుంది. అందుకే ముందు మణికట్టు నాడి పట్టుకుని, అది ఆగిపోయే దాకా గాలి కొట్టి, అక్కడి నుంచి ఇంకో 30 పాయింట్లు పైకి కొట్టాలని మాకు నేర్పేవారు. అదీగాక ఎవరి చీటీలో చూసినా 120 బై 80, 130 బై 80, 140 బై 90. ఆ అంకెలన్నీ సున్నాతోనే ఎందుకు ముగుస్తాయి? మనుషుల రక్తం పదుల లెక్కన నడవదు కదా. కన్ను దగ్గర్లో ఉన్న సున్నా మీదకి జారుతుంది, అంతే.

పాదరసం పెట్టెలు పోయాయి. పాదరసం విషం కాబట్టి, దాన్ని తగ్గించాలని దేశాలు 2013లో చేసుకున్న మినమాటా ఒప్పందం తర్వాత అవి మెల్లగా మూలపడ్డాయి. ఇప్పుడు చేతి పంపుతో కనిపించేది గుండ్రటి ముల్లు మీటరు. అది కిందపడితే, సంచిలో కుదుపులు తింటే, లోపలి స్ప్రింగు సడలుతుంది. ఆరు నెలలకో ఏడాదికో సరిచూపించాలి. గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద లేకపోతే ఆ మీటరు పనికిరాదు. సున్నా మీద ఉన్నంత మాత్రాన బాగున్నట్టూ కాదు.

మీ మెషిన్ చప్పుడు వినదు. పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు, రక్తనాళం కొట్టుకోవడం వల్ల ఆ గాలిలో సన్నటి అదురు పుడుతుంది. ఆ అదురు ఎక్కడ ఎక్కువగా ఉందో, అదే రక్తనాళంలోని సగటు ఒత్తిడి. పై బీపీ, కింది బీపీలను మెషిన్ ఆ అదురు పెరిగి తగ్గే తీరును బట్టి, కంపెనీ వాళ్లు పెట్టిన లెక్క ప్రకారం కట్టి చెబుతుంది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే రెండు మంచి మెషిన్లు కూడా నాలుగైదు పాయింట్లు తేడా చూపిస్తే కంగారు పడక్కర్లేదు. కొత్త మోడల్‌ని సరైన పద్ధతిలో పరీక్షించాలంటే కనీసం 85 మంది మీద, చెవితో విని చూసిన బీపీతో పోల్చాలి. సగటు తేడా 5 పాయింట్లు దాటకూడదు, అంకెలు మరీ చెల్లాచెదురుగానూ ఉండకూడదు. అలా పరీక్ష నెగ్గిన మోడళ్ల జాబితాలు ఉన్నాయి. మీ మోడల్ అందులో ఉందో లేదో మీ మరిదిని చూడమనండి. లెక్క అదురు మీద నడుస్తుంది కాబట్టి, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో మెషిన్ తడబడుతుంది. తెర మీద గుండె బొమ్మ పదే పదే వంకరగా మెరుస్తుంటే అది మెషిన్ జబ్బు అని కొట్టిపారేయకండి, ఒకసారి ఈసీజీ తీయించండి. మణికట్టుకు కట్టే మెషిన్లు మాత్రం వద్దు. చెయ్యి కొంచెం కిందికి దిగినా అంకె మారిపోతుంది.

మీ అత్తగారి విషయంలో నా అంచనా చెబుతాను. ఇంటి మెషిన్ చూపించే 160లో పట్టీ వల్ల, చెయ్యి ఉన్న తీరు వల్ల, మాటల వల్ల పది, పదిహేను పాయింట్లు కలిసి ఉండొచ్చు. అవి తీసేసినా 145 దగ్గర తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో వచ్చిన 146 కూడా అక్కడే ఉంది. అంటే మెషిన్ ఎక్కువ చెబుతోంది అన్నంత వరకు మీ అత్తగారి మాట నిజం కావచ్చు. కానీ బీపీ లేదన్నది నిజం కాకపోవచ్చు. షుగర్ కూడా ఉన్న మనిషికి 145 వదిలేసే అంకె కాదు.

అంచనా అంచనాయే. తేల్చుకోవడానికి ఒక వారం కావాలి. డాక్టరుతో మాట్లాడి బిళ్ల సంగతి తేల్చుకున్నాక, సరైన పట్టీతో మొదలుపెట్టండి. మొదటి రోజు రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే. రెండు చేతులకూ పది పాయింట్లకు మించి తేడా మళ్లీ మళ్లీ వస్తే డాక్టరుకు చెప్పాలి, రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూస్తారు. తర్వాత ఏడు రోజులు, పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, టిఫినుకీ బిళ్లకీ ముందు రెండుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం ఆగి చూడండి. సాయంత్రం భోజనానికి ముందు మళ్లీ అలాగే రెండుసార్లు. వచ్చింది వచ్చినట్టు రాయండి. 171 వస్తే బాగాలేదని కొట్టేయకండి, 128 వస్తే బాగుందని దాన్నే ఉంచకండి. పూర్తయ్యాక మొదటి రోజువి నాలుగూ తీసేయండి, ఆ రోజు కొత్త భయం ఉంటుంది. మిగిలిన 24 కలిపి 24తో భాగించండి. పై అంకెలకు వేరు, కింది అంకెలకు వేరు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ లెక్క వాళ్లకే ఇవ్వండి, నానమ్మ బీపీ మీద వాళ్లకూ పట్టింపు వస్తుంది.

ఆసుపత్రిలో చూసినప్పుడు 140 బై 90 హద్దు అనుకుంటే, ఇంట్లో ప్రశాంతంగా చూసిన సగటుకు 135 బై 85 హద్దు. అది దాటితే బీపీ అదుపులో లేదని. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా కిందికి తేవాలని డాక్టర్లు చూస్తారు. ఆసుపత్రిలో మాత్రమే పెరిగి ఇంట్లో బాగుండేవాళ్లు ఉంటారు, తెల్లకోటు చూస్తే టెన్షన్. దానికి ఎదురు, ఆసుపత్రిలో బాగుండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉంటారు. వాళ్ల జబ్బు ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించదు. ఈ రెండు రకాలనూ బయటపెట్టేది ఇంట్లో రాసిన కాగితమే. అత్తగారికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా అని కూడా అడగండి. తిరుగుతుంటే, కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ చూడండి. పై బీపీ 20 పడిపోతే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు బిళ్ల పెంచడం ప్రమాదం.

ఆ కాగితం పట్టుకుని వెళ్లేటప్పుడు మెషిన్‌ని కూడా సంచిలో పెట్టుకెళ్లండి. అక్కడ నర్సమ్మని అడిగి, అదే కుర్చీలో, అదే చేతికి, ఒకసారి వాళ్లది, ఒకసారి మీది, అలా మూడు మార్లు చూడండి. ఐదు పాయింట్ల తేడాకి పర్వాలేదు. ప్రతిసారీ పదికి మించి తేడా వస్తే ముందు పట్టీ, గొట్టం, తర్వాత మెషిన్ మార్చాల్సిందే.

ఎప్పుడైనా 180 బై 120 దాటిందనుకోండి. కూర్చోబెట్టి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అంతే ఉండి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, పక్షవాతం గుర్తులు కనిపిస్తే అసలు మెషిన్ కోసం ఆగకండి. అంకె అంతే ఉండి ఒంట్లో ఏమీ లేకపోతే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. వెంటనే దించేయాలని నాలుక కింద బిళ్ల పెట్టించడం మన వైపు ఇంకా ఉంది. బీపీ ఉన్నట్టుండి పడిపోతే మెదడుకు, గుండెకు రక్తం చాలదు. ఎవరు పెడతానన్నా వద్దనండి.

చివరగా సోంపేట మాట. పుట్టిల్లు సోంపేట వైపు అన్నారు, అది ఉద్దానం ప్రాంతం కాబట్టి చెబుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు బీపీ, షుగర్ లేనివాళ్లకు కూడా వస్తోంది. కాబట్టి వారం సగటు ఎంత బాగా వచ్చినా, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఏడాదికోసారి చేయించండి. షుగర్ ఉంది కాబట్టి ఎలాగూ చేయించాలి. నొప్పులకు షాపులో కొని వేసుకునే బిళ్లలు బీపీనీ పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి, అవి వేసుకుంటున్నారేమో కనుక్కోండి. మీ చుట్టాల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లుంటే, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి) వేసిన చేతికి ఎప్పుడూ బీపీ పట్టీ కట్టకూడదని వాళ్లకు చెప్పండి. ఆ దారి మూసుకుపోతే డయాలసిస్‌కే కష్టం.

జబ్బ కొలత ఎంతొచ్చిందో, వారం సగటు ఎంతొచ్చిందో నాకు రాయండి. మెషిన్‌ని బీరువా మీద నుంచి దించేటప్పుడు లోపలి పాత బ్యాటరీలు తీసి కొత్తవి వేయండి, గొట్టం మడతపడి ఎక్కడైనా చిట్లిందేమో వెలుతుర్లో పట్టి చూడండి.